పురానాపూల్ దాటి వచ్చిన తెలుగు పుస్తకము

పాలమూరు బాటన హైదరాబాదు నగరమునకు పోవు పల్లెవాసులకు బహదూర్‌పురా క్రొత్త పేరు కాదు. బస్సు ఆరాంఘరు దాటి ఉత్తరముగా సాగినంతట ఒక ప్రక్క నెహ్రూ జంతుప్రదర్శనశాల కానవచ్చును. 1963లో ఆ శాల తెరవబడిన నాటినుండి పిల్లలకు బహదూర్‌పురా యనగా సింహములు, ఏనుగులు, పిల్లల రైలు మాత్రమే. పెద్దలకు మీరాలం చెరువు గుర్తుకు వచ్చును. ఇంకను ముందుకు పోయినచో మూసీనది యొడ్డున పురానాపూల్ కలదు. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున కట్టిన రాతి వంతెన యది. నేడు బండ్లు ప్రక్కనున్న క్రొత్త వంతెనపై పోవుచుండగా, పాత వంతెనపై కూరగాయలమ్ము వారు గోనెపట్టాలు పరచుకొని కూర్చుందురు.

ఆ వంతెనను గూర్చి అందరికిని తెలిసిన కథ భాగమతి కథ. వరద వేళ నదిని దాటబోయిన రాకుమారుని చూచి తండ్రి వంతెన కట్టించెనని జనులు చెప్పుకొందురు. అది వినుటకు ఇంపైనదే. చరిత్రకారులు మాత్రము దానిని అంత సులభముగా నమ్మరు. తెలుగు చదువరులకు ఇంతకంటె పనికివచ్చు సంగతి వేరొకటి యున్నది. వంతెన కట్టించిన ఆ పాదుషాయే మన కవుల నోట మల్కిభరాముడైనాడు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చెను. ఆయన కొలువులోని అమీనుఖానునకు పొన్నికంటి తెలగనార్యుడు యయాతిచరిత్రమును అంకితము చేసెను. తెలుగున తొలి అచ్చతెలుగు కావ్యమని పేరుగన్న గ్రంథమది. పటాన్‌చెరువు నేలిన తురుష్క ప్రభువు, సంస్కృతపు మాట కలియని తెలుగు కావ్యమును కృతి పొందెనన్న ముచ్చట, భాషలపేర జనులు కలహించుకొను వేళ తలచుకొనదగినది.

అయితే యయాతిచరిత్రమును గ్రంథాలయమున తొలిసారి అడుగుపెట్టిన వాని చేతిలో పెట్టరాదు. అచ్చతెలుగనగానే సుళువని పలువురు భ్రమపడుదురు. నిజమునకు నిఘంటువు ఎక్కువగా కావలసినది దానికే. మనము నిత్యము పలుకు సంస్కృతపు మాటలన్నియు తీసివేసి, వాడుక తప్పిన తెలుగు మాటలను కవి యేరి తెచ్చెను. నాలుగైదు ప్రబంధములు చదివి, చెవి కొంత పదునెక్కిన పిమ్మట దానిని పట్టినచో రుచి తెలియును. ఏ పుస్తకము మంచిదని చెప్పుట ఒక యెత్తు. అది ఎవరికి, ఎప్పుడు మంచిదో చెప్పుట మరియొక యెత్తు. ఈ రెండవది పుస్తకముల పట్టికలో దొరకదు. ముందుగా చదివిన మనుష్యుడు కావలెను.

హైదరాబాదు రాజ్యమున తెలుగు పుస్తకము బ్రతికినది అట్టి మనుష్యుల వలననే. ఇబ్రహీం కుతుబ్‌షా తరువాత మూడు వందల యేండ్లకు, అనగా 1900 ప్రాంతమున, పురానాపూల్‌కు దక్షిణమున నున్న ఒక తెలుగు కుటుంబమువారు చదువుకొనుటకు ఒక పుస్తకము కోరిరనుకొందము. కచేరీ భాష ఉర్దూ. బడిలో చదువు ఉర్దూ. కరణము తెలుగువాడైనను సర్కారుకు పంపు కాగితములు ఉర్దూలోనే వ్రాయవలెను. పహాణీ, సేత్వారు మొదలైన మాటలు పల్లె నోళ్లలో నేటికిని నిలుచుటకు కారణమదే. ఇంట రామాయణమో భాగవతమో ఉండిన ఉండును. లేకున్న శతకము లొకటి రెండు. కథ, చరిత్ర, శాస్త్రము తెలుగున చదువవలెనన్న కోరిక ఎవరికైన కలిగినను, అట్టివి అచ్చయినవని చెప్పువారే లేరు. పుస్తకము లేకపోవుట ఒక కొరత. పుస్తకము కలదని తెలియకపోవుట అంతకు మించిన కొరత.

ఆ కొరతను తీర్చుటకు మొదటి పూనిక 1901 సెప్టెంబరు 1వ తేదీన జరిగినది. రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు ఆ పనికి వెన్నుదన్నుగా నిలిచిరి. తరువాతి కాలమున సుల్తాను బజారులో దానికి సొంత భవన మేర్పడినది. పిమ్మట 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము పుట్టినవి. ఈ నిలయములు ప్రభుత్వము వారు ఇచ్చినవి కావు. చదువు రుచి యెరిగిన కొందరు తమ ధనమును, తీరికను వెచ్చించి కట్టుకొన్నవి. బహదూర్‌పురా నుండి సుల్తాను బజారునకు సుమారు అయిదు కిలోమీటర్లు. పురానాపూల్ దాటి నడచిపోయి ఒక పుస్తకము తెచ్చుకొనువాడు, దానిని తాను చదివి ఊరకుండడు. అంత నడచి తెచ్చిన దానిని ఇరుగుపొరుగుల చేత చదివించియే తిరిగి యిచ్చును.

నిలయమున పెట్టుటకు తగిన పుస్తకములు తెలుగున చాలినన్ని లేవని కనుగొన్నవారు లక్ష్మణరావుగారు. కావుననే 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టినది. ఆయన చదువు వెనుక ఒక ఇంటి ముచ్చట కలదు. తండ్రి చిన్ననాడే పోగా, ఆయనను అక్కగారైన భండారు అచ్చమాంబగారు చేరదీసి నాగపురమున చదివించిరి. బాలికలకు బడి లేని దినములవి. తమ్ముడు చదువుకొనుచుండగా అక్క ప్రక్కన కూర్చుండి తెలుగు, హిందీ నేర్చెను. అట్లు నేర్చిన యామె అబలాసచ్చరిత్రరత్నమాల యను స్త్రీల చరిత్రను వ్రాసెను. 1901లో వెలువడిన ఆ గ్రంథము, ఒక స్త్రీ తెలుగున వ్రాసిన తొలి చరిత్రగ్రంథమని చెప్పదగినది. 1905లో, ముప్పది యొక్క యేండ్లు నిండీ నిండకముందే ఆమె మరణించెను. అక్క తమ్ముని పెంచినది. తమ్ముని పుస్తకములు అక్కను పెంచినవి. ఏ గ్రంథాలయమున నైనను ఆడపిల్లలకు తొలుత చెప్పదగిన కథ యిది. అచ్చమాంబగారి పుస్తకము నేటి కంటికి కొంత పాతవాసన కొట్టును, నిజమే. పురుషులు మెచ్చవలెనని వ్రాసిన మాటలును అందు లేకపోలేదు. అయినను ఎంత చదువు ఎంత తక్కువ సౌకర్యముతో సాధ్యమైనదో దానిని చూచి తెలిసికొనవలెను.

మండలివారు అచ్చువేసిన తొలి పుస్తకము 1907లో వచ్చిన అబ్రహాం లింకను చరిత్రము. వ్రాసినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. తెలుగువారికి మొదటి పుస్తకముగా ఏ చక్రవర్తి చరిత్రమో గాక, కట్టెలు కొట్టి బ్రతికి, ఎరవు తెచ్చుకొన్న పుస్తకములతో చదువు నేర్చి, దేశాధ్యక్షుడైన వాని చరిత్రము ఎంచుకొనుట యాదృచ్ఛికము కాదు. ఆ మరుసటి యేడే హరిసర్వోత్తమరావుగారు స్వరాజ్య పత్రికలో వ్రాసిన వ్రాతకు చెరసాల కేగిరి. తరువాత అదే వరుసలో లక్ష్మణరావుగారి హిందూ మహాయుగము, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగము వచ్చినవి. నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చిరి. మండలి 1908లో చెన్నపట్టణమునకు తరలినను, పుట్టినిల్లు మూసీ తీరమే. వీరభద్రరావుగారి చరిత్రమున నేడు సవరింపవలసిన తేదీలు పెక్కు కలవు. శాసనములు ఆ తరువాత ఎన్నియో దొరకినవి. కావున దానిని పరీక్షకొరకు చదువువారు క్రొత్త గ్రంథములతో సరిచూచుకొనుట మేలు. ఉత్సాహముకొరకు చదువువారికి మాత్రము అది యిప్పటికిని పనికివచ్చును.

మండలి తరలిన ఆ యేడే మూసీ తన ప్రతాపమును చూపెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన వరదకు నగరమున వేలకొలది జనులు మడిసిరి. మిగిలిన వంతెనలు తెగిపోగా పురానాపూల్ ఒక్కటియే నిలిచి, నగరపు రెండు భాగములను కలిపి యుంచెను. ఆ వరదలో తన తల్లిని, భార్యను, చిన్నికూతును పోగొట్టుకొని తానొక్కడు మిగిలిన వాడు అమ్జద్ హైదరాబాదీ. ఉర్దూ రుబాయీలకు పేరొందిన కవి. రుబాయీ యనగా నాలుగు పాదముల పద్యము. ఒక భావమును మూడు పాదముల పెంచి నాలుగవ పాదమున ముడి వేయుదురు. మన వేమన పద్యము నెరిగిన వారికి దాని యెత్తుగడ కొత్తగా తోచదు.

ఉర్దూ రాని తెలుగు చదువరికి ఈ కవి ఎట్లు చేరెను? ఇచ్చటను ఒక చేతినుండి మరియొక చేతికే. ఆదిలాబాదు జిల్లాకు చెందిన సామల సదాశివగారు తెలుగు, ఉర్దూ, పారసీ లెరిగిన పండితులు. తెలుగున అందరివలె పద్యములు వ్రాయుటకంటె, ఉర్దూ పారసీ సాహిత్యముల సొంపును తెలుగువారికి తెలుపుట మేలని ఆయనకు సూచించినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. ఆ మాటను సదాశివగారు జీవితాంతము పాటించిరి. అమ్జద్ రుబాయీలను తెలిగించిరి. ఉర్దూ సాహిత్య చరిత్రను వ్రాసిరి. వృద్ధాప్యమున యాది యను పేర తమ జ్ఞాపకములను, ఎదురెదురుగా కూర్చుండి మాటలాడినట్లు, తెలంగాణపు నుడికారముతో చెప్పిరి. 2012లో ఆయన కాలధర్మము నొందిరి. దాశరథి కృష్ణమాచార్యులుగారి గాలిబు గీతాలు 1961లో వచ్చినవి. బహదూర్‌పురాలో నేడును వీథి భాష ఉర్దూయే. ఒకే వీథిన ఇరువది యేండ్లు కాపురమున్నను, ప్రక్కయింటి వారి భాషలోని కవి పేరు తెలియనివారు మనలో ఎందరో! అట్టివారు గాలిబు గీతాలతో మొదలుపెట్టి, అమ్జద్‌కు వచ్చి, యాదితో ముగించుట మంచి వరుస. యాదిని ముందే చదివినను దోషము లేదు. దానిని చదివినవాడు తక్కినవి వెదకికొని పోకమానడు.

ఇక 1921వ సంవత్సరము. నవంబరు 12వ తేదీన హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కార సభ జరుగుచుండెను. ఇంగ్లీషునను, మరాఠీనను ప్రసంగములు సాగినవి. అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేవగా సభలో కొందరు అల్లరి చేసి, చప్పట్లు చరచి, కూర్చుండబెట్టిరి. ఆ రాత్రియే తెలుగువారు కొందరు టేకుమాల రంగారావుగారి యింట గూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. ఊరూర గ్రంథాలయములను నెలకొల్పుట ఆ సంఘము పెట్టుకొన్న పనులలో నొకటి. దీనినంతయు మాడపాటి హనుమంతరావుగారు తెలంగాణా ఆంధ్రోద్యమము అను గ్రంథమున రెండు భాగములుగా వ్రాసియుంచిరి. పల్లెలో గ్రంథాలయము పెట్టినవారిపై అధికారులకు ఎట్టి అనుమానముండెడిదో, సభ జరుపవలెనన్న ముందుగా అనుమతి పొందవలెనన్న గస్తీ నిషాన్ 53వ ఉత్తరువు ఎంత చిక్కు తెచ్చిపెట్టెనో ఆ పుస్తకమున చదువవచ్చును. హనుమంతరావుగారి శైలి నెమ్మదియైనది. కోపగించుకొనవలసిన చోటను ఆయన తేదీ, ఉత్తరువు సంఖ్య ఇచ్చి ఊరకుందురు. ఉద్రేకము కోరువారికి ఆ పుస్తకము చప్పగా తోచవచ్చును. లెక్క తప్పక వ్రాసిన దస్తరము విలువ నెరిగినవారికి అంతకంటె మంచి పుస్తకము లేదు. బీరువా, నాలుగు బల్లలు, నూరు పుస్తకములు ఒక ఊరికి వచ్చుటకు ఒకనాడు ఎన్ని అర్జీలు పెట్టుకొనవలసి వచ్చెనో తెలిసినవాడు, పుస్తకపు అంచు చించి బీడీ ముట్టించుకొనడు.

1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక పుట్టినది. సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు. పాలమూరు సీమ వారు. వృత్తి రీత్యా న్యాయవాది. నైజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఒక పండితుడు వ్రాసిన మాట ఆయన చెవిని పడినది. జవాబుగా ఆయన తిట్టలేదు, వాదింపలేదు. ఊరూరికిని జాబులు వ్రాసి, పద్యములు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందు 354గురు కవులు. పట్వారీలు, బడిపంతుళ్లు, పురోహితులు, స్త్రీలు కూడ నందు గలరు. అన్ని పద్యములును గొప్పవని చెప్పుట ముఖస్తుతి యగును, పెక్కు సామాన్యములే. ఐనను తన ఊరి పేరు, తన తాతకు తెలిసినవాని పేరు అచ్చులో చూచుకొన్న పల్లెవానికి కలుగు ధైర్యము, పెద్ద కావ్యము చదివినను కలుగదు. ఆ సంచికను మొదటినుండి చివరివరకు చదువనక్కరలేదు. సొంత తాలూకా కవులను వెదకికొని చదివిన చాలును.

ప్రతాపరెడ్డిగారి అసలు పెన్నిధి మాత్రము 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. రాజుల యుద్ధములు గాక, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ పన్నులు కట్టిరి, దొంగలెట్లు దోచిరి, పెండ్లిండ్లెట్లు జరిగినవి అనునదియే ఆ గ్రంథపు విషయము. దీనికి ఆధారములు ఎక్కడివి? పాలకురికి సోమనాథుని బసవపురాణము, పండితారాధ్య చరిత్రము, వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము, కృష్ణరాయల ఆముక్తమాల్యద, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి. అలంకారములకొరకు, సమాసములకొరకు పండితులు చదివిన కావ్యములనే ఆయన వేరొక కంటితో చదివిరి. పద్యమున కవి యథాలాపముగా పేర్కొన్న పిండివంట, చీర, కొలపాత్ర, నాణెము – వీనిని ధాన్యపు గింజలవలె ఏరి రాశి పోసిరి. మాడ, రూక, టంకము, పుట్టి, తూము అను మాటలు ఏ కావ్యమున ఏ అర్థమున వచ్చినవో చూచునపుడు, లెక్కలు వ్రాయువానికి కలుగు ఆనందము ఇంతింత కాదు.

ఈ పుస్తకము గుణమేమనగా ఇది చదువరిని తనయొద్దనే నిలుపుకొనదు. ఇతర పుస్తకముల యొద్దకు పంపును. దీనిని చదివినవాడు క్రీడాభిరామమును తెరువక మానడు. గోవిందమంచనశర్మ, టిట్టిభసెట్టి యను ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీథులలో ఒక దినము తిరుగుటయే అందలి కథ. పూటకూటి యిల్లు, కోడిపందెము, పొట్టేళ్ల పోరు, వీథినాటకముల వారు – కాకతీయుల నగరము కండ్ల యెదుట కదలును. చిన్న పుస్తకము, నాలుగు సాయంకాలములలో ముగియును. కొన్ని పద్యములు పెద్దల కొరకైనవి గనుక పిల్లలకు ఈయరాదు. తరువాత బసవపురాణము. ద్విపద గనుక చదువుకొని పోవచ్చును. గట్టిగా చదివినచో అక్షరము రానివారికిని తెలియును. సోమనాథుడు చాకలిని, కుమ్మరిని, బోయను, ముసలమ్మను శివునియెదుట నిలిపిన తీరు పండితులకంటె పామరులే బాగుగా ఎరుగుదురు. ఆముక్తమాల్యదను ఒంటరిగా పట్టి మొదటి పద్యముననే చతికిలబడినవారు పెక్కుమంది. దానికి మార్గమొకటి కలదు. మొదటి నుండి చదువక, వర్షర్తువు వర్ణించిన పట్టును ఎవరైన తెలిసినవారిచేత అర్థము చెప్పించుకొని చదువవలెను. ముసురు పట్టిన దినమున తడిసిన కట్టెలతో పొయ్యి రగిలింప పాట్లుపడు ఇల్లాలిని, రాజాధిరాజైనవాడు చూచి పద్యము కట్టెనని తెలిసినపుడు కావ్యమనిన భయము సగము తీరును. ప్రతాపరెడ్డిగారు 1953లో మరణించిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ మొదటిసారి బహుమతులిచ్చినపుడు తెలుగున ఆ గౌరవము వారి సాంఘిక చరిత్రకే దక్కినది. అప్పటికి వారు లేరు.

ఇంతవరకు చెప్పినవారు ఇంచుమించు అందరును చదువు, కలిమి, పలుకుబడి గలవారు. వీరిలో నెవ్వరికిని లేని సాహసము చేసిన వాడొకడు మిగిలియున్నాడు. వట్టికోట ఆళ్వారుస్వామి 1915 నవంబరు 1న నల్లగొండ జిల్లాలోని పేద వైష్ణవ కుటుంబమున పుట్టెను. చిన్ననాడే తండ్రి పోయెను. ఒక ఉపాధ్యాయుని యింట వంటపని చేయుచు, ఆయన వెంట ఊరూరు తిరుగుచు అక్షరములు నేర్చెను. విజయవాడలో హోటలులో పనిచేసెను. నగరమునకు వచ్చి గోలకొండ పత్రికలో అచ్చు చిత్తులు దిద్దెను. బడి చదువన్నది ఆయనకు లేదు.

1938 ఏప్రిలులో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మరణించిరి. వారి పేరు నిలుచునట్లు ఆ యేడే సికింద్రాబాదున ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించెను. చేతిలో పైకము లేదు, దుకాణము లేదు. ముప్పదికి పైగా పుస్తకములు అచ్చువేసిన ఆ మాలకు అంగడి ఆయన నెత్తిమీది గంపయే. సికింద్రాబాదు, హైదరాబాదు వీథులలో గంప నెత్తిన పెట్టుకొని, ఇల్లిల్లు తిరిగి పుస్తకములమ్మెను. ఆ దినములలోనే కె. సి. గుప్తగారి అణా గ్రంథమాల అణాకు ఒక పుస్తకమును ప్రజల కందించుచుండెను. బీదవాని కొనుబడికి తగిన వెల యది. కాని వెల తగ్గించుట వేరు, గడప యొద్దకు పోవుట వేరు. గాజులమ్మువాని గంపలో నున్నది అందరికిని తెలియును. కూరగాయల గంప సంగతియు అంతే. పుస్తకముల గంప దింపినవాని నడుగు ప్రశ్న వేరు: "ఇందులో ఏమున్నది?" దానికి జవాబు చెప్పగలవాడే పుస్తకము అమ్మగలడు. వంటయింటి నుండి వచ్చిన ఇల్లాలికి ఒక విధముగా, బడి పిల్లవానికి ఒక విధముగా, ఉద్యోగికి వేరొక విధముగా చెప్పవలెను. అట్లు గడప గడపకును చెప్పి చెప్పి రాటుదేలిన నోటినుండి గనుకనే తరువాత ఆయన నవలలు అంత సూటిగా వచ్చినవి.

1942లో ఆయన చెరసాలకు పోయెను. 1946 పిమ్మట మరల నిర్బంధింపబడి 1951 వరకు ఒక జైలునుండి మరియొక జైలునకు మార్చబడెను. నిజామాబాదు కోటలోని జైలున దాశరథి కృష్ణమాచార్యులుగారు ఆయనతో కూడ నుండిరి. కాగితము, కలము లేని చోటది. దాశరథిగారు గోడలమీద బొగ్గుతో పద్యములు వ్రాయుట, జైలు వారు వానిని చెరిపివేయుట జరుగుచుండెడిది. చెరుపుటకు ముందే ఆళ్వారుస్వామి వానిని కంఠస్థము చేసి యుంచెడివాడని చెప్పుదురు. గ్రంథమాల నడిపినవానికి అచ్చుయంత్రము లేకపోగా తన జ్ఞాపకమునే పుస్తకముగా చేసెను. 1949లో దాశరథిగారి అగ్నిధార వెలువడినపుడు ఆయన దానిని ఆళ్వారుస్వామికే అంకితమిచ్చిరి. మల్కిభరామునికి గంగాధరకవి ఇచ్చిన కృతికిని, పుస్తకముల గంప మోసినవానికి దాశరథి ఇచ్చిన కృతికిని నడుమ దాదాపు నాలుగు వందల యేండ్లు కలవు.

ఆళ్వారుస్వామి జైలు లోపల అను కథలు వ్రాసెను; 1955లో ప్రజల మనిషి అను నవలను వెలువరించెను. దిమ్మెగూడెమను పల్లె, దొర రామభూపాలరావు, ఆయన నెదిరించిన కంఠీరవము – ఈ పేర్లు కల్పితములే గాని, ఆ నవల చదువు ఏ తెలంగాణపు పల్లెవాడును అవి కల్పితములని ఒప్పుకొనడు. వెట్టి, నాగులు, గడి, భూమి గుంజుకొనుట – అన్నియు తాత నోట విన్నట్లే యుండును. రచనలో అక్కడక్కడ తొందర కనబడును. పాత్రలు కొన్నిచోట్ల ఉపన్యాసమిచ్చును. ఆ లోపము నెత్తి చూపువారున్నారు, అది సరియే. అయినను తెలంగాణపు పల్లె తన్ను తాను తొలిసారి నవలలో చూచుకొన్నది అందే. మన గ్రంథాలయమున తొలిసారి చందా కట్టినవాడు ఏది చదువవలెనని అడిగినచో, ప్రబంధములను, చరిత్రలను, రుబాయీలను అన్నింటిని ప్రక్కన పెట్టి మొట్టమొదట దీనినే ఈయదగును. భాష అడ్డురాదు, విషయము పరాయిది కాదు.

దాని తరువాతి కథను ఆళ్వారుస్వామి గంగు అను పేర మొదలుపెట్టెను. అది ముగియకమునుపే 1961 ఫిబ్రవరి 5వ తేదీన, నలుబదియారవ యేట, ఆయన మరణించెను. వ్రాసినంతవరకు ఆ నవలను 1965లో అచ్చువేసిరి. ఆయన వదలిన పనిని దాశరథి రంగాచార్యులుగారు తలకెత్తుకొని చిల్లర దేవుళ్లు, మోదుగుపూలు, జనపదము అను నవలలు వ్రాసిరి. గంగు చదువువారు చివరి పుట తరువాత కథ దొరకలేదని పుస్తకమును తిరుగవేసి, పుటలు చిరిగినవేమోయని చూచుకొందురు. పుటలు చిరుగలేదు, పుస్తకము అంతవరకే యున్నది. దానిని తిరిగి యిచ్చువారికి రంగాచార్యులుగారి చిల్లర దేవుళ్లు చేతి కందింపవలెను.